తెలిసిన పేర్లు

కొత్తగా ఎస్సై శిక్షణ ముగించుకున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. గుంపును ఎలా చెదరగొట్టాలి, పై అధికారి కోప్పడితే ఏం చేయాలి అని అడుగుతారు. మనిషిని పేరు ఎలా అడగాలి అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. పోలీసు నౌకరీలో రోజుకు అన్నిటికంటే ఎక్కువసార్లు అడిగే ప్రశ్న అదే. నేను రాసేది దాని గురించే. పదోన్నతులు, పతకాల సంగతి మా ఇంట్లోవాళ్లకే పట్టదు, మీకెందుకు? ఇందులో మనుషుల పేర్లు మార్చాను. ఎందుకు మార్చానో చదివితే మీకే తెలుస్తుంది.

ఊరినిండా మల్లయ్యలు

నా మొదటి పోస్టింగు భూపాలపల్లి దిక్కు, అడవిలో. అవి అన్నల, అంటే నక్సలైట్ల, రోజులు. పగలు మేము ఊళ్లోకి పోయేవాళ్లం, మేము వెనక్కి తిరిగాక వాళ్లు వచ్చేవాళ్లు. ఎవరితో మాట్లాడినా రెండోవాళ్లకు జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది ఊరివాళ్లకే.

ఒక ఊళ్లో ఎదురైన మగవాళ్లందరినీ పేరు అడుగుతూ పోయాను. మొదటివాడు మల్లయ్య. రెండోవాడూ మల్లయ్యే. గొర్ల మందతో వచ్చినవాడు, కల్లు కుండతో పోతున్నవాడు, గడ్డం గీయించుకుంటున్నవాడు, అందరూ మల్లయ్యలే. నాకు లెక్కపెట్టే అలవాటు ఉంది. డిగ్రీలో చదివింది చరిత్ర. లెక్కలు మాత్రం బందోబస్తుల్లో నిలబడి నాకు నేను నేర్చుకున్నవి: ఒక గది కొలతంత చోటులో ఎంతమంది పడతారో చూసి, దాన్నిబట్టి మైదానంలో జనాన్ని అంచనా వేయడం లాంటివి. ఓటర్ల జాబితా ప్రకారం ఆ ఊళ్లో మల్లయ్యలు నలుగురు. నాకు అప్పటికే పంతొమ్మిది మంది ఎదురయ్యారు.

అరుగు మీద బీడీలు చుడుతున్న ఒక అవ్వను అడిగాను.

“ఏందవ్వా, మీ ఊళ్లె అందరు మల్లయ్యలేనా?”

ఆమె తల ఎత్తలేదు. “అందరు మల్లయ్యలైతె నువ్వు ఏ మల్లయ్యను పట్కపోతవు బిడ్డా?” అంది.

నా వెనక ఉన్న కానిస్టేబుళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. జీపు ఎక్కాక ఆ నవ్వు నిలవలేదు. ఆ ఊరు పేర్లను దాచిపెట్టుకుని బతుకుతోంది. ధాన్యం దాచుకున్నట్టు, ఆడపిల్లల్ని దాచుకున్నట్టు. మేము కాపాడాల్సిన జనం మాకు కనీసం పేరైనా చెప్పని చోట మేమేం కాపాడుతున్నట్టు? పోలీసు శాఖలో సంస్కరణ అంటే ఏమిటని తర్వాత ఎన్నో సభల్లో విన్నాను. నాకు మాత్రం దాని కొలమానం ఆ రోజే దొరికింది. ఎదురైన మనిషి భయం లేకుండా తన అసలు పేరు చెప్పాలి. అంతే.

యాకూబ్ అలీ జ్ఞాపకం

చాలా ఏళ్లకు డీఎస్పీ అయి మహబూబాబాద్ వచ్చాను. అప్పట్లో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఒకే జిల్లాలో ఉండేవి. నా కింది స్టేషన్లలో నేను చేసినవి పెద్ద పనులేమీ కావు. ఫిర్యాదు చేయడానికి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడమన్నాను. వచ్చిన ప్రతి ఫిర్యాదూ నమోదు చేయమన్నాను. దానితో కాగితం మీద నేరాలు పెరిగినట్టు కనిపించి, నెలవారీ సమావేశంలో నన్ను నిలబెట్టి అడిగారు. జ్వరం కొలిస్తే జ్వరం పెరగదు కదా సార్ అన్నాను. ఆ మాట మా పై అధికారికి నచ్చలేదు.

మూడో పని, గూడూరు దిక్కు అడవి అంచు తండాల పిల్లలతో మా కానిస్టేబుళ్లను వాలీబాల్ ఆడించడం. ఖాకీ ప్యాంటుతో, బనియన్లతో ఆడేవాళ్లు. మొదట్లో తండాల పిల్లలు దూరంగా నిలబడి చూసేవాళ్లు. వాళ్లను దగ్గరికి తెచ్చినవాడు హెడ్ కానిస్టేబుల్ యాకూబ్ అలీ.

యాకూబ్ జనగామ మనిషి. వాళ్ల నాయిన అక్కడ బట్టలు కుట్టేవాడు. యాకూబ్‌కు ఆట రాదు. గీత బయట కుర్చీ వేసుకొని కూర్చొని, ఇరుపక్షాలనూ తిట్టేవాడు. అతనికి ఒక శక్తి ఉండేది: ఒక్కసారి విన్న పేరు మరిచిపోడు. తండా పిల్లవాడు రెండోసారి వచ్చేసరికి అతని పేరు, అన్న పేరు, ఎద్దుల జత రంగు కూడా చెప్పి పిలిచేవాడు. పోలీసువాడు పేరు పెట్టి పిలిస్తే ఒకప్పుడు గుండె జారిపోయేది. యాకూబ్ పిలిస్తే పిల్లలు పరుగెత్తుకొచ్చేవాళ్లు.

వాళ్లలో భద్రు అనే అతను అందరికంటే ఎత్తు. ఇంటర్ పాసయ్యాడు. తల్లిదండ్రులు మిర్చి ఏరడానికి గార్ల దాకా కూలికి పోయేవాళ్లు. ఒకరోజు ఆట అయిపోయాక నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“సారూ, నేను గూడ కానిస్టేబుల్ అయితె?”

“ఎందుకు?”

జవాబు ముందే అనుకొని వచ్చినట్టున్నాడు. “మా తండాకు పోలీసులొస్తె మా నాయిన ఇంకా చేన్లకు ఉరుకుతడు సారూ. నేనే పోలీసైతె యాడికి ఉరుకుతడు?”

యాకూబ్ కుర్చీలోంచే అన్నాడు. “అరే, ముందుగాల సర్వీసు సక్కగ చెయ్యి. బంతి దవాఖాన కాంపౌండుల పడుతున్నది రోజూ. నౌకరీ సంగతి తర్వాత జూద్దం.”

ఆ రోజు నుంచి భద్రు పొద్దున్నే రోడ్డు మీద పరుగు మొదలుపెట్టాడు. స్టేషన్‌లో నియామక పరీక్షల పాత పుస్తకాలు ఉంటే యాకూబ్ తెచ్చి ఇచ్చేవాడు. ఆ తండాల్లో మమ్మల్ని చూసి ఎవరూ మల్లయ్యలు కావడం లేదు. అందరికీ ఎవరి పేరు వాళ్లకు ఉంది. నేను గెలిచాననుకున్నాను.

రైలు ఆగిన రోజు

తెలంగాణ ఉద్యమం అప్పటికే ప్రతి ఇంట్లో ఉంది. రోడ్ల మీద వంటావార్పులు, బంద్‌లు, ర్యాలీలు. మా కానిస్టేబుళ్ల భార్యలు బతుకమ్మలతో ధర్నాలో కూర్చుంటే, వాళ్ల ముందు మా కానిస్టేబుళ్లు లాఠీలు పట్టుకొని నిలబడేవాళ్లు. ఆ రోజుల్లో యూనిఫాం తొడుక్కోవడం ఎంత కష్టమో ఇప్పటి పిల్లలకు చెప్పినా తెలియదు. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఒక పెద్దాయన బారికేడ్ మీద చేతులు ఆనించి నన్ను తీరిగ్గా అడిగాడు.

“సారూ, నువ్వు గిటుమనిషివా, గటుమనిషివా?”

“నేను మధ్యల నిలబడెటోన్ని బాపూ.”

“గట్లనా? మధ్యల నిలబడితె రెండు దిక్కుల రాళ్లు నీకే తాకుతయి. జర పక్కకు జరుగు.”

జనం పగలబడి నవ్వారు. అంత మంటలోనూ మాకూ వాళ్లకూ మధ్య ఆ నవ్వు మిగిలి ఉండేది.

రైల్ రోకోకు పిలుపు వచ్చిన రోజు నన్ను జనగామ బందోబస్తుకు వేశారు. మహబూబాబాద్ పక్క ఒక చిన్న స్టేషన్ దగ్గర ఏం జరిగిందో నేను చూడలేదు. తర్వాత పలువురిని అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను.

పట్టాల మీద రెండువేల మందికి తక్కువ లేరు. నిలబడ్డ చోటు పొడవు వెడల్పు కనుక్కొని నేను వేసిన అంచనా అది. ఊళ్లవాళ్లు, కాలేజీ పిల్లలు, వకీళ్లు, టీచర్లు. తండా పిల్లలూ వచ్చారు. ఎందుకు రారు? ఒక ప్యాసింజర్ రైలు ఎండలో ఆగిపోయింది. బోగీల్లో ముసలివాళ్లు దాహంతో అలమటిస్తున్నారు. అక్కడ డ్యూటీలో ఉన్న యాకూబ్ గుంపులోకి చూశాడు. అందరికంటే ఎత్తుగా భద్రు కనిపించాడు.

“భద్రూ! అరే భద్రూ! గా పోరగాండ్లను తోల్కొని నీళ్లు తే. బోగీలల్ల ముసలోళ్లున్నరు.”

భద్రు తన ఆటగాళ్లను పోగుచేసి, పక్క ఇళ్ల నుంచి బిందెలు తెచ్చి, కిటికీ కిటికీకీ నీళ్లు అందించాడు. సాయంత్రానికి జనం లేచిపోయారు, రైలు కదిలింది. ఒక్క రాయి పడలేదు.

ఆ తర్వాత రైల్వే పోలీసులు కేసు కట్టడానికి వచ్చారు. కేసుకు పేర్లు కావాలి. “గుంపులో ఎవరెవరున్నారు?” అని మా స్టేషన్ వాళ్లను అడిగారు. ఎస్సై కొత్తవాడు, ఆయనకు ఎవరూ తెలియదు. కానిస్టేబుళ్లు బయటి నుంచి బందోబస్తుకు వచ్చినవాళ్లు. యాకూబ్‌ను అడిగారు. యాకూబ్ అబద్ధం ఆడే మనిషి కాదు. ఎవరున్నారంటే తనకు తెలిసినవాళ్లను చెప్పాడు. నీళ్లు తెచ్చిన పిల్లలున్నారు సాబ్ అని ఒక్కొక్కరి పేరూ, తండ్రి పేరూ, తండా పేరూ చెప్పాడు. వాళ్లకు ఏదైనా మెప్పు రాస్తారనుకున్నాడట.

నేను తిరిగి వచ్చేసరికి ఎఫ్‌ఐఆర్ అయిపోయింది. పట్టాల మీద బైఠాయించి రైలును అడ్డుకున్నవారు పదకొండుగురు, మరి కొందరు. పదకొండుగురూ మా వాలీబాల్ పిల్లలే. ‘మరి కొందరు’ అన్న ఆ మాటలో మిగతా రెండువేల మంది ఉన్నారు.

కుదరని లెక్క

మా పై అధికారి దగ్గరికి పోయాను. ఆయన కోస్తా మనిషి. చెడ్డవాడు కాదు, ఎవరినీ ఊరికే కొట్టనిచ్చేవాడు కాదు. కానీ పైనుంచి వచ్చే ఫోన్లకు భయపడేవాడు.

“సార్, ఆ గుంపులో తండాలవాళ్లు పదోవంతు కూడా లేరు. నిందితుల్లో మాత్రం అందరూ వాళ్లే. పెట్టెలో ఎర్రగోళీలు పదోవంతు ఉన్నప్పుడు, కళ్లు మూసుకొని పదకొండు తీస్తే పదకొండూ ఎర్రవే రావు సార్. ఇది నేరం చూసి రాసిన వరస కాదు. మనవాళ్లకు తెలిసినవాళ్ల వరస.”

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “మీ లెక్క నాకు అర్థమైందండీ. అయితే మీరే వేరే పదకొండు పేర్లు తెచ్చివ్వండి. ఇవి తీసేయమని నేనే వాళ్లతో మాట్లాడతాను.”

చేతిలోని ఎఫ్‌ఐఆర్ ప్రతిని మడిచి జేబులో పెట్టుకున్నాను.

“తెలియవు కదా?” అన్నాడు మెల్లగా. “నాకూ తెలియవు. తెలిసిన పేర్లతోనే కేసు నడుస్తుందండీ. మీరు ఆ పిల్లల్ని తెలిసేలా చేశారు.”

ఆయన దెప్పడానికి అనలేదు. ఉన్నమాటే అన్నాడు. దాన్ని నేను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. పోలీసుకు దగ్గరైనవాడే పోలీసుకు దొరుకుతాడు. దూరంగా ఉన్నవాడు ‘మరి కొందరు’లో హాయిగా ఉంటాడు. మా సంస్కరణలో ఎంతమంది మా దగ్గరికి వచ్చారని లెక్కపెట్టాం. వచ్చినవాళ్లకు మా నుంచి రక్షణ ఏమిటని ఎవ్వరం ఆలోచించలేదు. కొత్తగా వచ్చే ఎస్సైలకు నేను చెప్పేది ఇది: మీ కింది మనిషి ఒక పేరు చెప్పినప్పుడు, ఆ పేరు అతనికి ఎందుకు తెలుసో ముందు అడగండి.

ఆ వారమే వాలీబాల్ ఆగిపోయింది. ఎవరూ ఆపలేదు. పిల్లలు రాలేదు. యాకూబ్ ఒకసారి తండాకు పోతే, నీళ్లు తెచ్చిన పిల్లల్లో ఒకడి తల్లి వాకిట్లో నిలబడి అడిగిందట: “ఏం యాకూబూ, ఇంక ఎవలి పేర్లన్న మిగిలినయా?”

ఒప్పుకుంటే పోయేది

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు పోలీసు స్టేషన్లలోనూ మిఠాయిలు పంచారు. ఉద్యమం కేసులు ఎత్తేస్తామన్నారు, చాలావరకు ఎత్తేశారు. కానీ రైలు కేసులు రాష్ట్రం చేతిలోవి కావు. అవి రైల్వే కోర్టులో అలాగే నడిచాయి.

రైల్వే కోర్టులో ఒక సులువు దారి ఉంది. తప్పు ఒప్పుకుంటే చిన్న జరిమానా వేస్తారు, అదే రోజు ఇంటికి పోవచ్చు. మిగతా పదిమందీ ఒక్కొక్కరుగా ఒప్పుకొని పోయారు. కూలి మానుకొని ఎన్ని వాయిదాలకు తిరుగుతారు? భద్రు ఒక్కడే ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే శిక్ష పడినట్టు. శిక్ష పడితే పోలీసు నౌకరీ రాదు.

అప్పటికి నేను భూపాలపల్లికి బదిలీ అయ్యాను. ఒకరోజు బొగ్గు లారీ ఎక్కి నా ఆఫీసుకు వచ్చాడు. మెడ దాకా నల్లగా ఉన్నాడు.

“అందరు ఒప్పుకొమ్మంటున్నరు సారూ. మా నాయిన గూడ. మీరేమంటరు?”

“నువ్వు రైలు ఆపినవా?”

“పట్టాల మీద కూసున్న సారూ, అబద్ధమెందుకు. గానీ నీళ్లకు లేచిన తర్వాత మల్ల కూసోలే. తిరుగుడే సరిపాయె.”

నాకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. చట్టం ప్రకారం నాకు తెలిసింది చెప్పాను. ఒప్పుకుంటే ఆ దారి మూసుకుపోతుంది. పోరాడితే తెరుచుకోవచ్చు, కానీ ఎప్పటికో తెలియదు. అతను పోరాడతానన్నాడు. కొత్త రాష్ట్రంలో కానిస్టేబుల్ నోటిఫికేషన్ వస్తే వయసు సడలింపుతో అతనికి అదే ఆఖరి అవకాశం. అప్పటిలోపు కేసు తేలాలి.

నోటిఫికేషన్ వచ్చింది. భద్రు పరుగులో నెగ్గాడు, రాత పరీక్షా నెగ్గాడు. కేసులో మిగిలిన ముఖ్యసాక్షి యాకూబ్ ఒక్కడే. అతనికి పదవీ విరమణ దగ్గరపడింది. పోలీసు సాక్షి తన వాంగ్మూలానికి ఎదురు చెబితే విచారణ పెడతారని, పింఛను ఆపుతారని అతన్ని భయపెట్టినవాళ్లున్నారు. నేనూ ఆ ప్రమాదం దాచకుండా చెప్పాను.

“ఆగితె ఆగనీ సాబ్,” అన్నాడు యాకూబ్. “నేను ఎదురేం జెప్త? అప్పుడు ఎవరున్నరంటె జెప్పిన. ఏం జేసిండ్రని నన్ను ఎవరడిగిండ్రు? ఇప్పుడడిగితె గది గూడ జెప్త.”

వాయిదా రోజు సెలవు పెట్టి కోర్టుకు పోయి, వెనక బెంచీలో కూర్చున్నాను. ప్రాసిక్యూషన్ వకీలు అడిగాడు. “ముద్దాయి గుంపులో ఉన్నాడా లేడా?”

“ఉన్నడు సాబ్.”

“అంత గుంపులో ఇతన్ని ఎలా గుర్తుపట్టారు?”

“నేనే పేరు పెట్టి పిలిచిన సాబ్. నీళ్లు తెమ్మన్న.”

“ఎవరికి నీళ్లు?”

“రైలుల ఉన్నోళ్లకు. రైలు ఆపెటోళ్లకైతె నేనెందుకు తెమ్మంట? వాళ్ల నీళ్లు వాళ్లే తెచ్చుకున్నరు.”

కోర్టులో నవ్వులు లేచాయి. మేజిస్ట్రేట్ కూడా తల దించుకొని నవ్వారు. యాకూబ్ మాత్రం నవ్వలేదు. “ఇగో సాబ్,” అన్నాడు చేతులు జోడించి, “గీ పోరడు నా మాట విన్నందుకు ఈడ నిలబడ్డడు. వినకుంటె ఇంట్ల ఉండేటోడు.”

కేసు కొట్టేశారు. బయటికి రాగానే భద్రు యాకూబ్‌ను రెండు చేతులతో ఎత్తి తిప్పాడు. “అరె దించురా, నడుం విరుగుతది, మెడికల్ బిల్లు నువ్వు కడ్తవా!” అని ముసలాయన అరిచాడు. పక్క హోటల్లో ముగ్గురం చాయ్ తాగాం. యాకూబ్ మీద విచారణా లేదు, ఏమీ లేదు, ఆ నెలాఖరున మామూలుగానే రిటైరయ్యాడు.

తీర్పు ప్రతి వచ్చాక చదివాను. చివరి పేరాలో ఒక మాట ఉంది. ముద్దాయిని ‘సంశయ లాభం’ కింద విడుదల చేయడమైనది. నేరం చేయలేదని కాదు, చేశాడనడానికి రుజువు చాలలేదని దాని అర్థం. ఇంకెక్కడైనా ఆ రెండు మాటలకు తేడా లేదు. పోలీసు నియామకాల్లో ఉంది. గౌరవంగా విడుదలైనవాడిని తీసుకుంటారు. అనుమానంతో విడుదలైనవాడిని, శాఖ క్రమశిక్షణ దృష్ట్యా, తీసుకోనక్కర్లేదు. నేను పైవాళ్లను కలిశాను. వాళ్లు నన్ను కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, మర్యాదగా విన్నారు. ‘అతను మంచివాడే కావచ్చు, కాని ఫైలు మీద అనుమానం ఉంది కదా’ అన్నారు. భద్రు పేరు తుది జాబితాలో లేదు. ఆ తర్వాతి నోటిఫికేషన్ నాటికి వయసు దాటిపోయింది.

పోలీసు శాఖ మారిందా అని నన్ను చాలామంది అడుగుతారు. మారింది. స్టేషన్లలో కుర్చీలు, నీళ్లు, అద్దాల గదులు వచ్చాయి. మనల్ని నమ్మి దగ్గరికి వచ్చినవాడి మీద మనమే వేసిన మరకను తుడిచే పద్ధతి మాత్రం నేను దిగిపోయేనాటికి రాలేదు. మీరైనా తెస్తారేమో చూడండి.

జనగామలో ఒక మధ్యాహ్నం

యాకూబ్ ఇప్పుడు లేడు. అతను ఉండగా ఇది రాయొద్దని భద్రు నన్ను కోరాడు. పోయిన ఏడాది తనే ఫోన్ చేసి, ఇప్పుడు రాసుకోండి సారూ అన్నాడు.

తుది జాబితా వచ్చిన తర్వాత నేను జనగామలో యాకూబ్ ఇంటికి పోయాను. అతను తన సాక్ష్యం భద్రుకు నౌకరీ తెస్తుందని పెళ్లి కోసం ఎదురుచూసినట్టు ఎదురుచూశాడు. ఆ కబురు వేరేవాళ్ల నోట వినకూడదని, నేనే చెప్పాలని దారంతా మాటలు కూడగట్టుకుంటూ పోయాను. యాకూబ్ వసారాలో నులక మంచం మీద కూర్చొని ఉన్నాడు.

“రాండ్రి సాబ్, రాండ్రి. మీకు తెల్సిందా భద్రుగాని సంగతి?”

నేను తల ఊపాను.

“నిన్ననే వచ్చిపోయిండు. ఈడ్నే కూసున్నడు. అంతా అయినంక మెడికల్ల తీసేసిండ్రట సాబ్. కండ్లు సక్కగ లెవ్వన్నరట. దూరంవి కనవడుతలెవ్వట.” యాకూబ్ చేత్తో మోకాలు చరుచుకున్నాడు. “చూసిండ్రా, బంతి దవాఖాన కాంపౌండుల ఎందుకు పడ్తుండెనో! నేను ఊకె తిట్టిన పోరన్ని.”

భద్రు కళ్లు ఎలాంటివో నాకు తెలుసు. మెడికల్ పరీక్షలో అతను పాసైన కాగితం నేను చూశాను.

యాకూబ్ కొంచెం ముందుకు వంగాడు. గొంతు తగ్గించాడు. “సాబ్, ఒక్కటి జెప్పండ్రి. నా గవాహీ అయితె పనిచేసింది గద? కేసు దిక్కెల్లి ఏం కిరికిరి లేదు గద?”

“లేదు యాకూబ్ భాయ్,” అన్నాను. “నీ సాక్ష్యంతోనే కేసు కొట్టేసిండ్రు.”

అతను మంచానికి ఆనుకొని ఊపిరి వదిలాడు. లోపల కోడలిని చాయ్ పెట్టమన్నాడు.

“వరంగల్‌ల మంచి కండ్ల డాక్టర్ ఎవలన్న ఉంటె కనుక్కోండ్రి సాబ్,” అన్నాడు. “వయసు పోరడు. ఇప్పుడే చూపిస్తె బాగైతయి.”

కనుక్కుంటానన్నాను.